‘ఉత్తగ పోయింది బతుకు’: పాలమూరు రాయి మేస్త్రి జీవిత సమీక్ష – ఒక కేస్ స్టడీ

ఇది ఒక్క మనిషి కేసు కాదు. మహబూబ్‌నగర్, నారాయణపేట, నల్లగొండ పల్లెల నుంచి కౌన్సెలింగ్‌కు వచ్చే వలస కూలీ వృద్ధుల్లో మళ్లీ మళ్లీ కనిపించే వివరాలను కలిపి ఒక్కరిగా రాశాను. ఊరు, ఇల్లు, మనుషులు ఎవరికీ గుర్తు దొరకకుండా మార్చాను. స్కోర్లు కూడా ఇలాంటి కేసు సాధారణంగా నడిచే తీరును చూపడానికి ఇచ్చినవే. పల్లెల్లో వృద్ధులతో పనిచేసే కౌన్సెలర్లు, నర్సులు, సామాజిక కార్యకర్తలు వాడుకోవడానికి వీలుగా రాస్తున్నాను. జీవిత సమీక్ష అంటే వృద్ధుడితో తన బతుకును మొదటి నుంచి వరసగా తిరిగి చూపించే కౌన్సెలింగ్ పద్ధతి.

కేసు

సుమారు 74 ఏళ్ల మనిషి. దేవరకద్ర దిక్కు పల్లె. చదువు లేదు. పన్నెండేళ్లు నిండకముందే తల్లిదండ్రులతో నాగార్జునసాగర్ పనికి పోయాడు. డెబ్బైల్లో శ్రీశైలం, ఎనబైల్లో జూరాల, ఆ తర్వాత బొంబాయి, పుణె దిక్కు కేబుల్ కందకాలు, పైపులైన్లు. దసరా దాటాక గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని పోవడం, వానలకు ముందు ఊరికి రావడం. రాయి కొట్టడంలో మంచి పనితనం ఉన్నవాడు. ఇరవై ఏళ్ల కింద మోకాళ్లు మొరాయించి ఊళ్లోనే ఉండిపోయాడు. ఏడాదిన్నర కింద భార్య పోయింది. కొడుకు దగ్గర ఉంటున్నాడు, బిడ్డను పక్క మండలంలో ఇచ్చారు.

కొడుకు తీసుకొచ్చాడు. మూడు నెలలుగా రచ్చకట్టకు పోవడం లేదు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు, జొన్నరొట్టె సగం తిని లేస్తాడు. ఏమైందని అడిగితే పెద్దమనిషి చెప్పిన జవాబు ఇదీ: “నలబై ఏండ్లు రాళ్లు కొట్టిన సారూ. ఏం మిగిలింది? మోకాళ్ల నొప్పులు, దగ్గు. ఉత్తగ పోయింది బతుకు.”

ఈ మాట వినగానే కౌన్సెలర్ చేసే తప్పులు రెండు. ఒకటి, దాన్ని జీవితం మీద ఆయన ఇచ్చుకున్న తీర్పుగా తీసుకుని వేదాంతంలోకి దిగడం. రెండోది, “అట్ల అనకు పెద్దయ్యా, సాగర్ డ్యామ్ కట్టినవు, ఎంత గొప్ప బతుకు నీది” అని ఓదార్చడం. రెండూ పనిచేయవు. కారణాలు కింద వస్తాయి. ముందు చేయాల్సింది వేరే ఉంది.

తీర్పు కంటే ముందు ఒళ్లు

వృద్ధుల డిప్రెషన్‌ను పట్టడానికి వాడే జి.డి.ఎస్.-15 ప్రశ్నావళిలో మొట్టమొదటి ప్రశ్నే ‘మొత్తం మీద మీ జీవితంతో తృప్తిగా ఉన్నారా?’ అని. అమెరికన్ సైకియాట్రిస్ట్ యెసావేజ్ బృందం ఎనబైల్లో తయారుచేసింది దీన్ని. 15 ప్రశ్నల పొట్టి రూపం 1986 నాటిది. అంటే ‘బతుకు ఉత్తగ పోయింది’ అనేది ముందుగా ఒక లక్షణం. జ్వరంలో నోరు చేదైనట్టే డిప్రెషన్‌లో గతమంతా చేదుగా తోస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని ‘మంచి బతుకంటే ఏమిటి’ అని అడగడం అన్యాయం.

మొదటి రోజు జి.డి.ఎస్.-15లో 11 వచ్చింది. 5 దాటితే అనుమానించాలి, 10 దాటితే దాదాపు ఖాయమనుకోవచ్చు. ప్రశ్నలన్నీ మాటతోనే అడగాలి, అవును-కాదు జవాబులే కాబట్టి చదువు అడ్డు రాదు. కానీ పుస్తకాల తెలుగులో అడిగితే తప్పుడు జవాబులు వస్తాయి. ‘నిస్సహాయంగా అనిపిస్తోందా’ అంటే తలూపుతారు, అర్థమయ్యి కాదు. ‘చేతులు కట్టేసినట్టు అయితాందా, ఏం చేయబుద్ధి అయితలేదా’ అని అడగాలి. మతిమరుపు ఉందేమో చూడటానికి చదువు రానివారి కోసం తయారైన హెచ్.ఎం.ఎస్.ఇ. (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) పరీక్ష మంచిది, తేదీ, లెక్కలు అడిగే మామూలు పరీక్షలతో నిరక్షరాస్యులకు లేని మతిమరుపును అంటగట్టినట్టవుతుంది.

ఇక పాలమూరులో తప్పకుండా చూడాల్సినవి మూడున్నాయి.

మొదటిది దగ్గు. ఏళ్ల తరబడి రాయి కొట్టిన మనిషి దగ్గుతున్నాడంటే సిలికోసిస్ (రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు), టీబీ రెండూ చూడాలి. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో దిగబడ్డవాళ్లకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. ఎక్స్‌రే, కఫం పరీక్ష రెండూ చేయించాం. టీబీ లేదు. ధూళి మచ్చలు ఉన్నాయి. ఇక రాతి దుమ్ము దగ్గరికి పోవద్దని ఛాతీ డాక్టర్ కచ్చితంగా చెప్పాడు. ఈ మాట తర్వాత మా ప్లాన్‌నే మార్చింది.

రెండోది కల్లు. ‘తాగుతారా’ అని కాదు, ‘రోజుకు ఎన్ని సీసాలు, తాగకపోతే చేతులు వణుకుతాయా, నిద్ర పడుతుందా’ అని అడగాలి. ఈ ప్రాంతంలో కల్లులో డైజిపాం, ఆల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపే అలవాటు ఉంది. అలాంటి కల్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, మనిషి వింతగా మాట్లాడతాడు. కుటుంబం మంచి చేస్తున్నామనుకుని సీసా లాక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చూపులో మెల్లగా తగ్గించాలి. ఈయన పండగలకు తప్ప తాగడం లేదు.

మూడోది చావు ఆలోచన. సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడేవాళ్లున్నారు; అలా పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది. “దేవుడు తీస్కపోతే మంచిగుండు అనిపిస్తది, నేనేం చేసుకోను” అన్నాడు. అంత మాట విన్నాక కూడా కొడుకుతో విడిగా మాట్లాడి, ఇంట్లోని పత్తి మందు డబ్బాలు, గడ్డి మందు అన్నీ అదే సాయంత్రం వేరే ఇంటికి చేర్పించాం. పల్లెల్లో పురుగుమందు చేతికి అందకుండా చేయడం కంటే పెద్ద రక్షణ లేదు. రాత్రిపూట అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ కాగితం మీద రాసిస్తే ఈయనకు పనికిరాదు. మనవరాలి ఫోన్‌లో ఒక్క బటన్‌కు పెట్టించాం.

సైకియాట్రిస్ట్ డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకు 10 చేశాడు. ఈ వయసులో ఈ మందుతో రక్తంలో సోడియం పడిపోవచ్చు, అందుకే మధ్యలో ఒకసారి పరీక్ష. మందు పట్టు చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. లేకపోతే పదో రోజు ‘గోలీలు ఏం పనిచేస్తలేవు’ అని ఆపేస్తారు.

ఆ మాట ఎప్పుడు పుట్టింది

రెండో వారం ఒకే ఒక ప్రశ్న మీద చాలాసేపు గడిపాం: “బతుకు ఉత్తగ పోయిందని మొదటిసారి ఎప్పుడు అనిపించింది పెద్దయ్యా?”

ఇది అడగని కౌన్సెలర్లే ఎక్కువ. అడిగితే దాదాపు ప్రతిసారీ ఒక తేదీ దొరుకుతుంది. ఈయనకు దొరికింది ఉగాది ముందటి ఒక రాత్రి. ఎండిన బోరు, పొలం అమ్మడం గురించి కొడుకుతో గొడవ. కొడుకు అన్న మాట: “నువ్వేం చేసినవు మాకు? ఏడాదికి పది నెల్లు ఇంట్ల లేవు.” అంతకుముందు డెబ్బై ఏళ్లలో ఈయన తన బతుకు గురించి అలా ఎన్నడూ అనుకోలేదు. కరువులు చూశాడు, ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నాడు, అప్పుడు కూడా అనుకోలేదు. అంటే ఆ తీర్పు ఆయనది కాదు, కొడుకుది. కోపంలో, అప్పుల బాధలో కొడుకు అన్నది. భార్య ఉంటే ఆ రాత్రే “నీకేం ఎరుక రా” అని అడ్డుపడేది. అడ్డుపడే మనిషి లేదు కాబట్టి మాట లోపలికి పోయి కూర్చుంది.

దీనికి తోడు మరో సంగతి ఉంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. 14 డిగ్రీల చన్నీళ్లలో చెయ్యి 60 సెకన్లు పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లకు మరో 30 కలిపారు; ఆ ముప్పై సెకన్లలో నీళ్లను ఒక డిగ్రీ మేర వేడెక్కించారు. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా, ముగింపు కాస్త నయంగా ఉండటమే కారణం. జ్ఞాపకం మొత్తాన్ని కొలవదు, తీవ్రమైన క్షణాన్నీ చివరినీ పట్టుకుంటుంది. పెళ్లాం పోయి, బోరు ఎండి, కొడుకు కసిరిన ఈ రెండేళ్లే ఈయనకు ‘చివర’. దాని రంగే మిగతా డెబ్బై రెండేళ్లకూ పూసుకుంది. కాబట్టి బతుకును మొదటి నుంచి ముక్కలుగా విప్పితే తప్ప అసలు రంగులు కనబడవు.

తాడు, రాళ్లు, పూలు

వృద్ధులు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదని, అది సహజంగా జరిగే పని అని 1963లో చెప్పింది అమెరికన్ సైకియాట్రిస్ట్ రాబర్ట్ బట్లర్; ‘జీవిత సమీక్ష’ అని పేరు పెట్టిందీ ఆయనే. దాన్ని వయసుల వారీగా, వారానికో గంట చొప్పున, ప్రశ్నలతో నడిపే పద్ధతిగా మలిచింది నర్సింగ్ పరిశోధకురాలు బార్బరా హైట్. రాయడం రానివారికి దీంట్లో తాడు కలుపుతాం. ఈ తాడు పద్ధతి శరణార్థుల చికిత్సలో వాడే కథన చికిత్స నుంచి వచ్చింది.

కావలసినవి: మూడు మీటర్ల నులక తాడు, గుప్పెడు రాళ్లు – చిన్నవీ పెద్దవీ, పది పన్నెండు బంతిపూలు లేదా సీజన్ అయితే తంగేడు పూలు. చాప మీద తాడు పరుస్తాం. ఒక కొస పుట్టుక, ఇంకో కొసను చుట్టగా వదిలేస్తాం, అది ఇంకా రావాల్సిన కాలం. ఆ చుట్ట తప్పనిసరి. తాడు మొత్తం పరిచేస్తే ‘నీ పని అయిపోయింది’ అని చెప్పినట్టే. కష్టానికి రాయి, మంచికి పువ్వు.

సంవత్సరాలు చెప్పలేని మనిషికి గుర్తులు కావాలి. వీటిని ముందే సిద్ధం చేసుకోవాలి: రజాకార్ల కాలం, పోలీసు చర్య (1948), సాగర్ నీళ్లు వదిలిన ఏడు (1967), తెలంగాణ లొల్లి (1969), డెబ్బై రెండు కరువు, రెండు రూపాయల కిలో బియ్యం (1983), ఇందిరమ్మ పోయిన ఏడు (1984), తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూర్ మునిగిన ఏడు (2009). “సాగర్ నీళ్లు వదిలినప్పుడు మీసాలొచ్చినయా?” అని అడిగితే వయసు తేలిపోతుంది. నల్లగొండ దిక్కు అయితే ‘ఎడమ కాల్వ నీళ్లు మా పొలానికి వచ్చిన ఏడు’ అనేది ఇంకా గట్టి గుర్తు.

వారానికి ఒకసారి, 50 నిమిషాలు, ఎనిమిది వారాలు. రెండో వారంలో సగం, మూడో వారం అంతా బాల్యం, నాలుగు, ఐదు పడుచుతనం, సంసారం, వలస, ఆరు ఊరికొచ్చాక, ఏడో వారం మొత్తం తాడును ఒకేసారి చూడటం, ఎనిమిది ముందు సంగతి. ప్రతిసారి చివరి పది నిమిషాలు గతం వదిలేసి ‘రేపు పొద్దున ఏం చేస్తారు’ అనే మాటే. ఆ పది నిమిషాలు వదిలేస్తే మనిషి తవ్విన గుంటలోంచి అలాగే ఇంటికి పోతాడు, ఆ రాత్రి నిద్ర పట్టదు.

మొదటి కొద్ది నిమిషాలు తప్ప కొడుకును గదిలో ఉంచలేదు. కొడుకు ఉంటే జవాబులు కొడుకే చెబుతాడు, లేదా తండ్రి కొడుకు కోసమే చెబుతాడు.

రాళ్ల దగ్గర ఈయన చేసింది చెప్పాలి. గుప్పెట్లోంచి ఏదో ఒకటి తీయలేదు. ఒక్కొక్కటి తీసి, బొటనవేలి గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కొన్నింటిని పక్కన పెట్టేశాడు. ఎందుకంటే, “ఇది పుచ్చింది సారూ, లోపల పగులున్నది” అన్నాడు. తాడు మీద పెట్టడానికి గట్టి రాళ్లే ఏరుకున్నాడు. మూడు నెలలుగా ఏ పనీ చేయలేనన్న మనిషి చేతులు ఆ కాసేపు అడగకుండానే పనిచేశాయి. నోట్‌బుక్‌లో దాన్ని రాసుకున్నాం. ఎనిమిదో వారంలో అదే అక్కరకొచ్చింది.

ఓదార్పు ఎందుకు చెల్లదు

మూడో వారం సాగర్ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఈయన అక్కడ తట్టలు మోసిన పిల్లగాడు. ఇక్కడ పూలు పెడతాడని కౌన్సెలర్ అనుకుంటాడు. ఈయన రాయి పెట్టాడు. “ఆ నీళ్లు మా ఊరికి రాలే సారూ. గుంటూరుకు పోయినయి, మిర్యాలగూడకు పోయినయి. మేం మల్లా మూటెత్తుకొని పోయినం.”

మొదటి రోజే ‘గొప్ప పని చేసినవు’ అని ఉంటే ఈ మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. పాలమూరు కూలీ దేశమంతా ఆనకట్టలు కట్టి తన చేనుకు నీళ్లు చూడలేదన్నది నిజమైన అన్యాయం. దాన్ని ‘దృక్పథం మార్చుకో’ అని సర్దేయకూడదు. అన్యాయానికి అన్యాయమని పేరు పెట్టాక మనిషి తేలికపడతాడు, ఎందుకంటే అప్పుడు అది తన చేతకానితనం కాదని తెలుస్తుంది. ‘నా బతుకు ఉత్తది’ అనేది ఒకటి, ‘నా బతుక్కు రావాల్సింది రాలేదు’ అనేది మరొకటి. ఈ రెండూ విడిపోవడమే మూడో వారం పని.

పువ్వు ఎక్కడ పెట్టాడంటే, ఎవరూ అనుకోని చోట. శ్రీశైలం పనిలో రాళ్లు పేల్చే తూటా పేలినప్పుడు గుంపులో ఒకతనికి కాలు పోయింది. ఆ మనిషి అడ్వాన్సు మేస్త్రికి బాకీ ఉంది. రెండు నెలలు ఈయనా, ఇంకో ఇద్దరూ తమ కూలీలోంచి ఆ బాకీ కట్టి, అతణ్ని బండిలో ఊరికి చేర్చారు. ఇది చెబుతూ మధ్యలో “అది పెద్ద ముచ్చటేం కాదు” అని దాటేశాడు. జీవిత సమీక్షలో అతి విలువైన సమాచారం ఇలా దాటేసే మాటల్లోనే ఉంటుంది. మనుషులు తమ ఘనకార్యాలనుకున్నవి గట్టిగా చెబుతారు, తమ మంచితనాన్ని మాత్రం వెళ్తూ వెళ్తూ చెబుతారు. అక్కడ ఆపి వివరాలు అడగాలి. పేరేమిటి, ఎంత బాకీ, ఎవరు ముందు అన్నారు, ఇంట్లో ఏమన్నారు, అతను తర్వాత ఏమయ్యాడు. వివరం పెరిగేకొద్దీ గొంతు మారుతుంది. పువ్వు పెట్టమని మనం చెప్పకూడదు. ఈయన తనంతట తానే పెట్టాడు, రెండు.

మనుషుల బతుకులను ఏళ్ల తరబడి గమనిస్తూ, 1938లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న హార్వర్డ్ అధ్యయనం గురించి చాలామంది విని ఉంటారు: 268 మంది హార్వర్డ్ విద్యార్థులు, బోస్టన్ పేద వాడల 456 మంది కుర్రాళ్లు. యాభై ఏళ్ల వయసులో బంధాల్లో తృప్తిగా ఉన్నవాళ్లే ఎనబైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని, కొలెస్టరాల్ కంటే ఇదే బాగా సూచించిందని దాని ప్రస్తుత డైరెక్టర్ రాబర్ట్ వాల్డింగర్ చెబుతాడు. మనకు ఉపయోగమే, కానీ ‘బంధాలు’ అనగానే భార్యాబిడ్డలని మాత్రమే లెక్కపెడితే వలస కూలీ సున్నా దగ్గర ఆగిపోతాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆయన బంధువర్గం గుంపే. ఒకే పొయ్యి మీద గటక వండుకున్నవాళ్లు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నవాళ్లు. ఆ బంధాలకు పెళ్లిపత్రికల్లో చోటుండదు, అందుకే అవి తెగిపోవడం కూడా ఎవరికీ కనబడదు. ఐదో వారం ఆ గుంపులో ఇంకా బతికున్నవాళ్లు ఎవరెవరని లెక్క తీశాం. మాట్లాడగలిగేవాళ్లు ముగ్గురు తేలారు.

సమీక్ష కాస్తా కుళ్లబొడుచుకోవడమైతే

ఇది జరుగుతుంది, గుర్తుపట్టాలి. గుర్తు ఏమిటంటే, ఒకే సంఘటన మూడోసారి అవే మాటలతో, కొత్త వివరం ఒక్కటీ లేకుండా వస్తుంది. ఈయనకు భార్య చివరి రోజులు అలా వచ్చాయి: “పట్నం దవాఖానకు తీస్కపోతే బతికేది.” అప్పుడు ‘ఎందుకు తీసుకుపోలేదు’ అని అడిగితే గాయం పెద్దదవుతుంది. అడగాల్సింది ‘ఆ రోజు పొద్దున ఇంట్లో ఎవరెవరున్నారు, మీకు అప్పుడు ఏం తెలుసు, చేతిలో ఎంత ఉంది’ అని. ఇవాళ తెలిసినదానితో ఆనాటి మనిషిని శిక్షిస్తున్నాడని ఆయనకే తెలియాలి. తెలియకపోతే ఆ రోజుకు తాడు చుట్టేసి, బయట చెట్టు కింద పది అడుగులు నడిపించి పంపాలి. అలాంటి రోజు సెషన్ పూర్తి చేయాలనే పట్టుదల హాని చేస్తుంది.

బిడ్డ రాయి

ఏడో వారం మొత్తం తాడు చూసినప్పుడు అన్నిటికంటే పెద్ద రాయి దగ్గర ఆగాడు. బిడ్డను ఐదో తరగతిలో బడి మాన్పించి వలసకు తీసుకుపోయాడు, తమ్ముణ్ని చూసుకోవడానికి, వంట చేయడానికి. ఇది ఎవరో చేసిన అన్యాయం కాదు, తాను చేసింది. “దానికి చదువంటే పానం.”

కరువు, పేదరికం, కాలం – ఇవన్నీ కారణాలే. కానీ వాటిని మనం అందించకూడదు. అందిస్తే ఆ రాయి కదలదు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ ముసలితనపు పనిని నిండుదనానికీ నిరాశకూ మధ్య పెనుగులాట అన్నాడు. నిండుదనమంటే పశ్చాత్తాపాలు లేకపోవడం కాదు, తన బతుకులో తన తప్పు భాగాన్ని కూడా తనదిగా ఒప్పుకోగలగడం.

క్షమాపణ చెబుతానన్నాడు. ఇక్కడ తొందర పనికిరాదు. ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఎవరి కోసం? ఆయన బరువు దించుకోవడానికే అయితే ఆ బరువును బిడ్డ నెత్తిన పెట్టినట్టే. ఆమెకు క్షమించకపోయే హక్కు ఉందని ఆయన ఒప్పుకున్నాకే ముందుకు పోయాం. మూడు మాటలు తయారుచేశాం: నేను ఏం చేశాను, అది తప్పు, నువ్వేం జవాబు చెప్పనక్కర్లేదు. ‘ఏం చేస్తం, అప్పటి రోజులట్లుండె’ అనే తోక తగిలించకూడదు. ఏడవకుండా చెప్పగలిగే దాకా గదిలో అనిపించాం. తండ్రి ఏడిస్తే బిడ్డ ఓదార్చాల్సి వస్తుంది, ఆమె మాట మళ్లీ వెనక్కి పోతుంది.

బిడ్డ ఇంటికి పోయి చెప్పాడు. ఆమె “ఇప్పుడెందుకు నాయినా గా ముచ్చట” అని లోపలికి పోయింది. చాయ పెట్టి ఇచ్చింది, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. దీన్ని క్షమించిందని రాసుకోకూడదు, క్షమించలేదనీ రాసుకోకూడదు. వచ్చే వారం “చెప్పినంక ఎట్లున్నది?” అంటే “రాయి ఆడనే ఉన్నది సారూ. కని ఎత్తి చూసిన” అన్నాడు. మరో పని తానే ఎంచుకున్నాడు: నెల నెలా వచ్చే 2,016 రూపాయల పింఛనులో 500 బిడ్డ కూతురి ఇంటర్ పుస్తకాలకు. అది బాకీ తీర్చడం కాదని అతనికి తెలుసు. ఆ పింఛను కార్డు అప్పటిదాకా కొడుకు దగ్గర ఉంది. తండ్రి చేతికి తిరిగి ఇప్పించడం దీనికి ముందు జరగాల్సిన పని. వృద్ధుడి చేతిలో సొంతంగా ఇవ్వగలిగే డబ్బు కొంతైనా లేకపోతే మనం మాట్లాడే విలువలన్నీ గాల్లో ఉంటాయి. కొడుకు మాటతోనే ఇచ్చాడు. ఇవ్వకపోతే 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, ఆ పైన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఉన్నాయి. కానీ ఆ దారి పట్టాక ఒకే ఇంట్లో కలిసి అన్నం తినడం కష్టమవుతుంది, అందుకే చివరికి ఉంచుకోవాలి.

తాడు చుట్ట విప్పడం

ఎనిమిదో వారం, ముందు సంగతి. ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. తండ్రి చేతులకు పని దొరికితే కోలుకుంటాడని అటక మీది ఉలి, సుత్తె దించి, ఇంటి రోలుకు కక్కు కొట్టమన్నారు. కొట్టాడు, సంబరపడ్డాడు, రెండు రోజులు దగ్గు ఆగలేదు. రాతి దుమ్ము వద్దని డాక్టర్ అన్న మాట వాళ్లకు మందుల చీటీతో పాటే మరుగైంది. నీళ్లు చల్లి కొట్టినా, గుడ్డ కట్టుకున్నా ఈ ఊపిరితిత్తులకు అనుమతి లేదని మళ్లీ కూర్చోబెట్టి చెప్పాం.

నోట్‌బుక్‌లో రాసుకున్న గోటి చప్పుడు అప్పుడు పనికొచ్చింది. దుమ్ము లేపకుండా చేయగలిగే పనితనం ఆయన చెవిలో ఉంది. ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లు బండలు కొనేటప్పుడు తట్టి చూసి మంచిది, పుచ్చింది చెప్పడం. గట్టి బండ గణగణమంటుంది, లోపల పగులున్నది దబ్బుమంటుంది. మొదటిసారి మనమే ఒక ఇంటివాళ్లకు చెప్పి ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పిలుపు దానంతటదే వస్తుందని కూర్చుంటే రాదు.

వారం ప్లాన్ నాలుగే పనులు: పొద్దున ఎనిమిదింటికి మనవణ్ని బడి ఆటో దాకా దించడం, మధ్యాహ్నం మందు వేసుకున్నాక పడుకోకుండా అరగంట బయట కూర్చోవడం, ఆదివారం గుంపు పాతవాళ్లలో ఒకరికి ఫోన్, సాయంత్రం రచ్చకట్ట. ఐదోది కలిపితే నాలుగూ పోతాయి. రాసుకోలేడు కాబట్టి చేసిన పనికి ఒక చింతగింజ డబ్బాలో వేయమన్నాం. శనివారం మనవరాలు లెక్కపెడుతుంది. గింజలు తక్కువైన వారం తిట్టకూడదు, ఏ పని ఎందుకు ఆగిందో అడిగి ఆ పనినే చిన్నది చేయాలి. రచ్చకట్టకు పోవడం రెండు వారాలు ఆగింది, కారణం సిగ్గు. కొడుకు గొడవ ఊరంతా తెలుసు కదా. ‘పోయి కూర్చోవడం’ తీసేసి ‘ఆ దారిన నడిచి రావడం’ పెట్టాం. మూడో రోజు ఎవరో పిలిచారు, కూర్చున్నాడు.

ఆఖరున రికార్డింగ్. చివరి దశ రోగుల కోసం కెనడా సైకియాట్రిస్ట్ హార్వీ చోచినోవ్ రూపొందించిన గౌరవ చికిత్సలో మాటలను రికార్డు చేసి, రాసి, సవరించి కుటుంబానికి ఇస్తారు. దాన్ని కాస్త మార్చి ఫోన్‌లోనే 25 నిమిషాలు తీశాం. ప్రశ్నలు ఆరు, వాటిలో బాగా పండింది ‘మీ దగ్గర పని నేర్చుకున్నదెవరు, ఏం నేర్పించారు’ అన్నది. బిడ్డ సంగతి వినిపించాలా వద్దా అన్నది ఆయనే తేల్చాలి. ఆమెను అడగకుండా వద్దన్నాడు, తీసేశాం. రికార్డింగ్ ఎవరికీ ఇవ్వకముందు ఒకసారి ఆయనకు పూర్తిగా వినిపించడం తప్పనిసరి.

ఫలితం, మిగిలిపోయినవి

ఎనిమిది వారాలకు జి.డి.ఎస్.-15 స్కోరు 5, మూడు నెలలకు 4. మందు ఎంత, మాట ఎంత, పింఛను కార్డు ఎంత అని విడదీసి చెప్పలేం. మూడూ కలిసే నడిచాయి. మొదటి ప్రశ్నకు, ‘మొత్తం మీద బతుకుతో తృప్తిగా ఉన్నారా?’కు, ఇప్పుడు అవును అనలేదు, కాదనీ అనలేదు. “ఏ ఏడు సంగతి అడుగుతున్నవు సారూ?” అన్నాడు. ప్రశ్నావళిలో ఆ జవాబుకు గడి లేదు. నా లెక్కలో మాత్రం ఎనిమిది వారాల్లో వచ్చిన అసలు మార్పు అదే. బతుకు మొత్తానికి ఒకే మాట చాలదని ఆయనకు తెలిసింది.

కొడుకుతో బంధం పెద్దగా మారలేదు. కసరడం తగ్గింది, మాట పెరగలేదు. కొడుకు అప్పు అలాగే ఉంది; అతనికీ విడిగా సహాయం కావాలి, రెండుసార్లు పిలిస్తే రాలేదు. నిద్ర ఐదు గంటలకు చేరింది. భార్య సంవత్సరీకం నెలలో స్కోరు మళ్లీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఆ నెల రెండు సెషన్లు ముందే పెట్టాం. ఎస్సిటాలోప్రామ్ కనీసం ఆరు నెలలు ఆపకూడదు. చలికాలానికి ముందు ఛాతీ ఎక్స్‌రే మళ్లీ తీయించాలి, ఆ తేదీని, ఆటో ఖర్చు లెక్కతో సహా, మనవరాలి ఫోన్‌లో వేయించి ఉంచాం.